తాకట్టు విడిపించింది ఎవరు?

పోయిన నెల ఒక ప్రశ్నకి జవాబు రాస్తూ, మనిషి దిగజారిపోయి మళ్ళీ మనిషయ్యే నవలలు చాలావరకు బైబిల్ కథల అచ్చులోంచి వచ్చినవే అని ఒక్క లైను రాసి వదిలేశాను. దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి. అదెలాగో చెప్పమని కొందరు, అదేం కాదు మన పురాణాల్లో ఎప్పట్నుంచో ఉందని కొందరు. అందుకే ఈ నెల మొత్తం దాని మీదే.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీష్ చదువుతున్నాను. ఏ నవల మొదలుపెట్టినా క్లాసులో ఫాల్, రిడెంప్షన్ అంటారు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం కాదు, నోట్స్ బట్టీ పట్టి రాసేస్తున్నాను గానీ లోపలికి ఎక్కట్లేదు. సింపుల్‌గా చెప్తారా? (పాఠకురాలు, చినవాల్తేరు)

చర్చికి వెళ్ళకపోయినా పర్లేదమ్మా, నేనూ మొదట కథగానే చదివాను. ముందు నోట్స్ పక్కన పెట్టి బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో మూడో అధ్యాయం ఒక్కటి తెలుగులోనే చదువు, 24 వచనాలే. అందరూ పండు తినడం దగ్గరే ఆగిపోతారు గానీ అసలు కథంతా తిన్నాకే ఉంది. తినగానే ఇద్దరూ అంజూరపు ఆకులు కుట్టుకుని చెట్ల మధ్య దాక్కుంటారు, అప్పుడు దేవుడు అడిగే మొదటి ప్రశ్న ఎందుకు తిన్నావని కాదు, ఎక్కడున్నావని. ఆదాము ఏమంటాడో చూడు, ఆవిడ ఇచ్చింది తిన్నానంటాడు, అక్కడితో ఆగడు, నువ్వు నాకిచ్చిన ఆవిడే అంటాడు, అంటే తప్పులో కొంత దేవుడి మీదికి కూడా తోసేస్తాడన్నమాట. ఆవిడేమో పాము అంటుంది. ఫాల్, అంటే పడిపోవడం, నా లెక్కలో ఇదంతా కలిపి. చేసిన పని ఒక్కటే కాదు, చేశాక దాక్కోవడం, ఇంకొకరి పేరు చెప్పడం. ఏ నవల చదివినా క్యారెక్టర్ ఏ తప్పు చేశాడు అని కాకుండా, చేశాక ఎక్కడ దాక్కున్నాడు, ఎవరి పేరు చెప్పాడు అని వెతుకు, చాలా కనిపిస్తుంది.

ఇంక రెండో సగం. రిడెంప్షన్‌ని తెలుగులో విమోచన అని రాస్తారు, బరువైన మాట, వినగానే ఏదో ప్రసంగంలా ఉంటుంది. నాకు మాత్రం ఆ మాట వింటే మన విశాఖ కురుపాం మార్కెట్ గుర్తొస్తుంది. నేను ఏడో క్లాసులో ఉండగా మా అమ్మ గాజులు నాలుగూ కనపడలేదు. గాజులేవీ అని అమ్మ అడిగితే నాన్న ముందు బ్యాంకు లాకర్లో పెట్టానన్నాడు, రెండు రోజులు పోయాక ఫ్రెండు ఒకడు చిట్టీలో ముంచేశాడు, వాడి కోసమే తాకట్టు పెట్టాల్సొచ్చింది అన్నాడు. అనకాపల్లి నుంచి మా పెద్ద మావయ్య బస్సులో వచ్చాడు, బెల్లం అమ్మిన డబ్బు తువ్వాల్లో మూటకట్టి తెచ్చాడు, నన్ను కూడా వెంటబెట్టుకుని కురుపాం మార్కెట్‌కి వెళ్ళాడు. షాపాయన చిన్న గుడ్డ సంచి విప్పితే గాజులకి ఎర్ర దారంతో కట్టిన అట్టముక్క, దాని మీద పెన్సిల్‌తో ఒక నంబరు. మావయ్య అసలూ వడ్డీ లెక్కపెట్టి ఇచ్చాడు, ఆయన ఇంకోసారి లెక్కపెట్టుకుని పుస్తకంలో ఆ లైను కొట్టేశాడు. ఇంటికొచ్చాక అమ్మ గాజులు వేసుకుంది గానీ ఆ అట్టముక్క మాత్రం పారెయ్యలేదు, చాలా ఏళ్ళు కుంకుమ భరిణె పక్కనే ఉండేది.

ఎమ్మే చదివేటప్పుడు తెలిసింది నాకు, హీబ్రూలో విమోచకుడు అనడానికి వాడే గోయెల్ అనే మాటకి మూలం సరిగ్గా ఇదేనని. లేవీయకాండం 25లో ఉంటుంది చూడు, ఎవరైనా పేదరికంతో పొలం అమ్ముకుంటే దగ్గరి చుట్టం వచ్చి డబ్బు కట్టి దాన్ని విడిపించాలి, ఆ చుట్టమే గోయెల్. బైబిల్‌లోనే మొగుడు పోయిన రూతు కథలో, ఆవిడ అత్తగారింటి పొలం విడిపించే చుట్టం బోయజు చేసేది కూడా అదే, పైగా అక్కడ బోయజు కంటే దగ్గరి చుట్టం ఇంకొకడు ఉంటాడు, ముందు సరే విడిపిస్తానంటాడు, తీరా రూతుని కూడా చేసుకోవాలని తెలిశాక నా ఆస్తి పాడైపోతుంది నావల్ల కాదు అని చెప్పు విప్పి ఇచ్చేసి తప్పుకుంటాడు. ఆ తప్పుకున్నవాడు నాకు చాలా ముఖ్యం. విడిపించడం అంటే తన జేబులోంచి పోతుంది అని వాడికి స్పష్టంగా తెలుసు కాబట్టి. అందుకే ఏ నవలలోనైనా ఎవరైనా మారిపోయారు, బాగుపడ్డారు అంటే నేను అడిగేది ఒకటే, డబ్బు ఎవరు కట్టారు? డబ్బంటే డబ్బే కానక్కర్లేదు, పరువు కావచ్చు, ప్రాణం కావచ్చు, ఇరవై ఏళ్ళ జీవితం కావచ్చు. నువ్వూ అలా అడిగి చూడు, నోట్స్ అవసరం ఉండదు.

నేనొక నవల రాశాను. అన్నని మోసం చేసి ఆస్తి కొట్టేసిన తమ్ముడు చివర్లో పశ్చాత్తాపపడి మంచివాడైపోతాడు. చదివినవాళ్ళంతా ముగింపు నమ్మబుద్ధి కావట్లేదు అంటున్నారు. ఎక్కడ తేడా కొట్టింది? (పాఠకుడు, గాజువాక)

మీరు పంపిన చివరి రెండు చాప్టర్లు చదివానండి. వర్షంలో తడుస్తూ ఏడవడం బాగా రాశారు, కానీ అతను ఏడ్చాక అందరూ వెంటనే క్షమించేశారు, ఆస్తి ఎవరి దగ్గర ఉందో మీరు చెప్పనే లేదు. పైన చెప్పిన తాకట్టు షాపాయనలా పుస్తకంలో లైను కొట్టెయ్యలేదన్నమాట. తేడా అక్కడే.

విక్టర్ హ్యూగో లే మిజరబుల్స్ 1862లో వచ్చింది, మన తెలుగులో దాన్నే 1950లో బీదలపాట్లు అని నాగయ్య గారితో సినిమా తీశారు. జీన్ వాల్జీన్ రొట్టె దొంగతనానికీ, పారిపోవాలని చూసినందుకూ కలిపి 19 ఏళ్ళు జైల్లో ఉండి వస్తాడు, ఆశ్రయం ఇచ్చిన బిషప్ ఇంట్లోనే వెండి సామాను ఎత్తుకుపోతాడు, పోలీసులు పట్టుకొస్తే బిషప్ అవి నేనిచ్చినవే, ఇంకా వెండి దీపస్తంభాలు మర్చిపోయావేం అంటాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆయన వాల్జీన్‌తో నీ ఆత్మని కొంటున్నాను అంటాడని మాత్రం చాలామంది గమనించరు. కొనడమేనండి, వెండి పెట్టి. అయినా వాల్జీన్ ఆ క్షణంలోనే మారిపోడు, అదీ హ్యూగో గొప్పతనం. దారిలో ఒక పిల్లాడి చేతిలోంచి జారిన నాణెం మీద కాలు పెట్టి, పిల్లాడు ఏడుస్తున్నా తియ్యడు, తరిమేస్తాడు. తర్వాత తనే ఆ పిల్లాడి పేరు అరుచుకుంటూ వెతుకుతాడు, దొరకడు. అప్పుడు మొదలవుతుంది మార్పు. ఇంకా ఎన్నో ఏళ్ళ తర్వాత తన బదులు ఇంకెవడినో పట్టుకుని శిక్ష వేస్తుంటే కోర్టుకి వెళ్ళి వాల్జీన్‌ని నేనే అని చెప్తాడు, అప్పటికి ఊరికి మేయర్, పరువు, ఫ్యాక్టరీ అన్నీ ఉన్నాయి, అన్నీ పోతాయి. ఎక్కడున్నావ్ అంటే ఇక్కడున్నాను అని నోరు తెరిచి చెప్పడానికి అతనికి అన్నేళ్ళు పట్టింది. మీ హీరోకి ఒక్క రాత్రి ఇచ్చారు మీరు.

ఇంకోటి కూడా చదవండి, దోస్తయేవ్‌స్కీ నేరము-శిక్ష, 1866. అందులో హీరో రాస్కోల్నికోవ్ చంపేది ఎవర్ని? తాకట్టు వ్యాపారం చేసే ముసలావిడని. ముందు వాళ్ళ నాన్న వెండి గడియారం తాకట్టు పెట్టే వంకతో వెళ్ళి అంతా చూసుకొస్తాడు, చంపే రోజు ఒక చెక్కముక్కని వెండి సిగరెట్ కేసులా గట్టిగా మూటకట్టి తీసుకెళ్తాడు, ఆవిడ ఆ ముడి విప్పుకుంటూ వెనక్కి తిరిగినప్పుడు కొడతాడు. అనుకోకుండా లోపలికొచ్చిన ఆవిడ చెల్లెలు లిజవేతని కూడా. తర్వాత ఇంట్లోవాళ్ళ కోసం ఒళ్ళమ్ముకుని బతికే సోన్యా గదిలో, బైబిల్‌లో లాజరు చనిపోయి నాలుగు రోజులైనా లేచి వచ్చిన కథ చదివి వినిపించమంటాడు. సోన్యా చదివే ఆ పుస్తకం ఎవరు తెచ్చిచ్చారో తెలుసా, లిజవేత. అతను చంపినావిడ ఇచ్చిన పుస్తకంలోంచి అతనికి బతుకు కథ వినిపిస్తోంది. నేను ఎన్నిసార్లు చదివినా ఆ చోట పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను. దోస్తయేవ్‌స్కీ ఎక్కడా వేలు పెట్టి చూపించడు, సోన్యా నోట ఒక్క ముక్కలో చెప్పించి వెళ్ళిపోతాడు. రాస్కోల్నికోవ్ కూడా వెంటనే మారడు, నేరం ఒప్పుకుని సైబీరియాకి వెళ్ళాక కూడా చాలాకాలం పొగరు తగ్గదు, సోన్యా మాత్రం తన బతుకంతా వదులుకుని అతని వెనకాలే వెళ్తుంది. కట్టింది ఆవిడ.

మీ నవలలో అన్నగారి భార్య ఉంది కదా, రెండు సీన్లలో కనిపించి మాయమైపోయింది. ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి, ముగింపు ఆవిడ దగ్గరుందని నాకనిపిస్తోంది.

ఏదెను తోటలో తిన్నది యాపిలేనా? (పాఠకుడు, మధురవాడ)

ఆదికాండంలో పండు అనే ఉంది, ఏ పండో లేదు. లాటిన్‌లో మాలుమ్ అనే మాటకి పలుకుని బట్టి చెడు అనీ యాపిల్ అనీ రెండర్థాలు వస్తాయి, యూరప్ బొమ్మల్లో యాపిల్ స్థిరపడటానికి అదో కారణమని చెప్తారు.

మన అహల్య కథ, అజామిళుడి కథ కూడా ఇదే కదండీ? శాపం, శాపవిమోచనం. మళ్ళీ బైబిల్ నుంచి వచ్చింది అనడం దేనికి? (పాఠకుడు, వన్‌టౌన్)

మీరు రాస్ హిల్ కింద ఉంటానని రాశారు, ఆ కొండ మీద మేరీమాత గుడి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి, మూడూ ఒక్క చూపులో కనిపించే చోట కూర్చుని అడిగిన ప్రశ్న కాబట్టి జాగ్రత్తగా చెప్తాను. ఉన్నాయండి, మనకీ ఉన్నాయి, ఎవరిది ముందు అనే గొడవ నాకు లేదు. కానీ కథ నడిచే తీరు వేరు. అహల్యకి శాపం ఇచ్చినప్పుడే రాముడు వచ్చినప్పుడు పోతుంది అని గడువు కూడా చెప్పేస్తాడు గౌతముడు, కథ ఆ గడువు కోసం ఎదురుచూస్తుంది. అజామిళుడు కొడుకుని పిలిచాడు, నారాయణా అని, ఆ పేరుకే విష్ణుదూతలు వచ్చేశారు, తర్వాత అతను పశ్చాత్తాపపడి గంగాద్వారం వెళ్తాడు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే బైబిల్ కథకి దగ్గరది, అడగకుండా వచ్చింది కాబట్టి, కానీ ఇక్కడ ఎవరి జేబుకీ చిల్లు పడదు. ఇప్పటి నవలలు ఎక్కువగా పట్టుకున్నది చిల్లు పడే కథని. యూరప్ నవల బైబిల్ చదివే ఇళ్ళల్లో పుట్టింది కాబట్టి అలా వచ్చింది, అంతే.

మన ఊరికి ఇందులో ఒక వాటా ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చే పని ఇక్కడే జరిగింది, 1812లో కొన్ని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. మన తెలుగు బైబిల్‌లో వాడే పాపం అనే మాట గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తుంటాను. మనం చేసిన తప్పునీ పాపం అంటాం, ఎవరైనా కష్టంలో ఉంటే కూడా పాపం అనే అంటాం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒకడు జేబు కొట్టి దొరికిపోయి దెబ్బలు తింటుంటే పక్కనున్న ఆవిడ అయ్యో పాపం అంటుంది, ఆ ఒక్క మాటలో వాడు చేసిందీ ఉంది, వాడి మీద జాలీ ఉంది. నాకు తెలిసిన ఇంగ్లీష్‌లో ఈ రెండూ ఒక మాటలో రావు. ఇంకా దూరంగా ఉన్న కొడుకుని చూసి కనికరపడి పరిగెత్తిన తండ్రి, బైబిల్‌లో లూకా సువార్త 15లోని తప్పిపోయిన కుమారుడి కథలో, ఆయన తెలుగువాడైతే నోటివెంట వచ్చేది ఈ మాటే.

ఇక మన రావిశాస్త్రి గారి గురించి కూడా రాశారు. ఇదే ఊళ్ళో ప్లీడరీ చేశారు, కోర్టు వరండాల్లో నిలబడే జనాన్ని రోజూ చూశారు. ఆరు సారా కథల్లో ఎవరూ తమంతట తాము పడరు, తొయ్యబడతారు, తోసినవాళ్ళు పైన కుర్చీల్లో ఉంటారు. అక్కడ విమోచన అనే ప్రశ్నే వేరేగా ఉంటుంది, ఈ అచ్చులో పొయ్యకూడదు ఆయన్ని.

ఇయాన్ మెక్ఇవాన్ అటోన్‌మెంట్ చదివి నిద్రపట్టలేదు. అందులో విమోచన ఉందా లేదా? (టీచర్, భీమిలి)

చదవనివాళ్ళు ఈ జవాబు వదిలేసి కింద ప్రశ్నకి వెళ్ళండి, ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడలేను.

2001 నాటి నవల అది. 1935లో 13 ఏళ్ళ బ్రయనీ తప్పుడు సాక్ష్యం చెప్పి అక్క ప్రేమించిన రాబీని జైలుకి పంపుతుంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుగా రక్తం కడుగుతుంది, అక్క దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకుంటుంది, అమ్మయ్య అనుకుంటాం. చివర్లో 1999లో 77 ఏళ్ళ బ్రయనీ చెప్తుంది, ఆ ఒప్పుకోవడం జరగనే లేదు, రాబీ 1940లో డన్‌కిర్క్ దగ్గరే చనిపోయాడు, అక్క అదే ఏడాది లండన్‌లో బాంబు పడి చనిపోయింది, వాళ్ళిద్దర్నీ కలిపింది నేను రాసిన నవలలోనే అని. తాకట్టు కొట్టు వరకు డబ్బు మూటకట్టుకుని వెళ్తే కొట్టే లేదు, సామానూ లేదు, అలాగన్నమాట. లేదండి, విమోచన లేదు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు, కథలో దేవుడి స్థానంలో కూర్చున్న రచయితకి క్షమాపణ అడగడానికి పైన ఎవరూ ఉండరు అనే అర్థంలో ఆవిడే అంటుంది. కానీ ఆవిడ దాక్కోవడం మానేసింది చూడండి, కలిసి బతికారు అని అబద్ధం రాసి, అది అబద్ధమని కూడా మనకి చెప్పేసింది. అచ్చులో మొదటి సగం పూర్తిగా ఉంది, రెండో సగం ఖాళీగా ఉంది. మీకు నిద్రపట్టకపోవడం సరిగ్గా చదివినందుకే.

తప్పిపోయిన కుమారుడి కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మా తమ్ముడు వాటా తీసుకుని దుబాయ్ వెళ్ళి అంతా పాడుచేసుకుని వచ్చాడు. నాన్నగారు వాడికి మళ్ళీ ఇల్లు కట్టించారు. 16 ఏళ్ళు అమ్మానాన్నల్ని చూసుకున్నది నేను, నాతో ఒక్క మాట అనలేదు. నాలాంటివాళ్ళ కోసం ఎవరైనా రాశారా? (పాఠకుడు, పెందుర్తి)

మీ ఉత్తరం మూడుసార్లు చదివానండి.

ముందు ఆ కథలోనే ఒకటి చూపిస్తాను, ప్రసంగాల్లో దీన్ని వదిలేస్తుంటారు. మొదట్లోనే తండ్రి ఆస్తి ఇద్దరికీ పంచేశాడు అని ఉంది. చిన్నవాడు తన వాటా తీసుకుని వెళ్ళిపోయాడు, తగలేశాడు. అంటే ఇంక ఇంట్లో మిగిలిందంతా ఎవరిది? పెద్దవాడిది. తండ్రే చివర్లో నావన్నీ నీవే అంటాడు కూడా. అప్పుడు తమ్ముడు వచ్చాడని కోసిన ఆ కొవ్విన దూడ, తొడిగిన ఉంగరం, మేళతాళాలు, అన్నీ పెద్దవాడి వాటాలోంచే. అతను పొలంలో ఉండగా, అతన్ని అడక్కుండా. ఇంటికి దగ్గరగా వచ్చేవరకు లోపల పాట ఎందుకో అతనికి తెలీదు, పనివాణ్ణి పిలిచి అడిగి తెలుసుకుంటాడు. మీ కోపం ఊరికే వచ్చింది కాదండి, కట్టింది మీరు.

పైన మా మావయ్య గాజులు విడిపించాడని రాశాను. ఆ బెల్లం డబ్బు అత్తయ్య ఆ ఏడాది వంటింటి మీద రేకులు తీసి స్లాబు వేయించుకోడానికి దాచుకున్నదని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఇంకో నాలుగు వానాకాలాలు ఆవిడ ఆ రేకుల కిందే, కారే చోట గిన్నె పెట్టుకుని వండింది. ఆవిడని ఎవరూ అడగలేదు. మా అమ్మ చివరి రోజుల్లో అత్తయ్యని పిలిపించుకుని రెండు గాజులు ఆవిడ చేతికి వేసింది, ఏమీ మాట్లాడలేదు, అత్తయ్య కూడా ఏమీ అనలేదు గానీ వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కాక ఏడ్చిందని మా చెల్లి చెప్పింది.

మీలాంటివాళ్ళ గురించి రాశారు, మెరిలిన్ రాబిన్సన్, హోమ్ అనే నవల, 2008లో వచ్చింది. జాక్ 20 ఏళ్ళ తర్వాత ఇంటికొస్తాడు, ముసలి తండ్రి పాస్టర్, కొడుకు కోసం అన్నేళ్ళూ ఎదురుచూసినవాడు. కానీ కథంతా నడిచేది జాక్ కళ్ళతో కాదు, ఇంట్లో ఉండి తండ్రిని చూసుకునే చెల్లెలు గ్లోరీ కళ్ళతో, ఆవిడకి 38 ఏళ్ళు. కాఫీ పెట్టేది, తండ్రిని లేపి కూర్చోబెట్టేది, అన్న రాత్రి ఏ గదిలో మేలుకుని ఉన్నాడో చప్పుడు బట్టి కనిపెట్టేది అంతా ఆవిడే. ఈ నవలలో క్షమిద్దామని ఎంత ఆశపడ్డా తండ్రికి చివరికి చేతకాదు, మాటలు దొర్లిపోతాయి, జాక్ మళ్ళీ వెళ్ళిపోతాడు. ఆ ఇల్లు గ్లోరీకే మిగులుతుంది. నెమ్మదిగా నడుస్తుంది, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టండి.

లూకా కథలో తండ్రి బయటికొస్తాడు, చిన్నవాడి కోసం పరిగెత్తినట్టే పెద్దవాడి కోసం కూడా విందు వదిలేసి గుమ్మం దాటి వచ్చి బతిమాలతాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడా లేదా రాయలేదు. మీ నాన్నగారు బయటికి రాలేదు. ఆయన ఇంకా ఉన్నారు, మాట్లాడగలుగుతున్నారు అని రాశారు కాబట్టి, ఆ ఇల్లు నా వాటాతోనే కట్టారు నాన్నా అని ఆయనతో ఒకసారి మీ నోటితో చెప్పండి, తమ్ముడికి కాదు, ఆయనకే. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు.